గోతిక్ థీమ్ పోర్ట్రెయిట్ షూట్ ప్లాన్ చేస్తున్నా, చేసినోళ్లు కాస్త చెప్పండి

నీడలపిచ్చి:
వచ్చే నెల ఒక మోడల్‌తో గోతిక్ షూట్ అనుకుంటున్నా. డబ్బుల్లేవు, ఫొటోలు ఇద్దరం పోర్ట్‌ఫోలియోలో వాడుకుంటాం. నా దగ్గర 50, 85 ఎంఎం లెన్సులు, ఒక్క స్ట్రోబు (స్టాండ్ మీద పెట్టే పెద్ద ఫ్లాష్), దాని వెలుగుని మెత్తగా చేసే ఒక సాఫ్ట్‌బాక్సు. బుర్రలో ఉన్నదల్లా నల్ల గౌను, తెల్ల మొహం, వెనక మెదక్ చర్చి, కొవ్వొత్తులు, పొగ. మొన్న మా చెల్లికి నల్ల చున్నీ కప్పి టెస్ట్ చేస్తే గోడా నలుపే, బట్టా నలుపే, తలకాయ ఒక్కటే గాల్లో తేలుతోంది, అమ్మ చూసి దానికి దిష్టి తీసింది. ఎక్కడ తప్పు చేస్తున్నా?

లైట్‌బాయ్_వైజాగ్:
హహ దిష్టి తీయాల్సింది నీ లైటింగ్‌కి. లైటు ముందు నుంచి కొట్టుంటావ్. స్ట్రోబుని అమ్మాయికి పక్కన, కాస్త వెనక్కి పెట్టు, అప్పుడు జుట్టు, భుజం అంచు వెలుగుతుంది, మనిషి గోడ నుంచి విడిపోతుంది. రెండో వైపు తెల్ల థర్మాకోల్ షీటు పెడితే మొహం మీదకి కొంచెం తిరిగొస్తుంది, అది చాలు. గోడకి ఆరేడు అడుగుల దూరంలో నిలబెట్టు, సాఫ్ట్‌బాక్సుకి గ్రిడ్ (వెలుగు పక్కలకి పోకుండా ఆపే జాలీ) లేకపోతే లైటు గోడంతా పాకేస్తుంది. ఇంకోటి, వెల్వెట్ లైటుని మింగేస్తుంది, శాటిన్ అయితే మడత మడతకీ మెరుపొస్తుంది. కిటికీ వెలుగులో తీస్తే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఆ నలుపుని బూడిదరంగు చెయ్యాలని చూస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 దగ్గర మొదలెట్టు, ఫొటో కాస్త ముదురుగా వస్తుంది.

కాటుకకళ్లు:
నేను మోడల్‌ని, ఇలాంటివి రెండు చేశా. ముందు ఆ తెల్ల మొహం ఐడియా తీసెయ్యండి అన్నా. నాది చామనఛాయ. మొదటి షూట్‌లో రెండు షేడ్లు తెల్లగా ఫౌండేషన్ పూసి మీద పౌడర్ కొట్టారు, ఫ్లాష్ పడేసరికి మొహం సున్నం కొట్టిన గోడ, మెడ వేరే మనిషిది. రెండోసారి నా రంగు నాకే ఉంచి, కాటుక వేలితో చెరిపి, దాదాపు నల్లగా కనిపించే మెరూన్ లిప్‌స్టిక్ వేశారు, ఆ ఫొటోలు ఇప్పటికీ నా ప్రొఫైల్‌లో ఉన్నాయి. ఇంకా, మేలో పెట్టారు మొదటిది!! నలభై డిగ్రీల్లో వెల్వెట్ కోటు, కాటుక గడ్డం దాకా కారింది. రంగు లెన్సులు మార్కెట్లో చవగ్గా వచ్చేవి అస్సలు పెట్టించొద్దు, కళ్లతో ఆటలా. నేనైతే తోడు ఒకరిని తెచ్చుకుంటానని ముందే చెప్తా, దానికి మొహం మాడ్చుకున్న ఫొటోగ్రాఫర్‌తో చెయ్యను. ఫొటోలు ఎక్కడ పెట్టొచ్చు ఎక్కడ పెట్టకూడదు అన్నది కాగితం మీద రాసుకోండి, స్నేహితులైనా సరే.

మెదక్_పిల్లగాడు:
అన్నా మా చర్చి షూటింగ్ స్పాట్ కాదే, ప్రార్థన చేసే జాగ. కరువు రోజులల్ల కూలికి తిండి పెట్టి కట్టిచ్చిన్రు, 1914ల మొదలైతే 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. ముందు ఆఫీసుల అడుగు, ఒప్పుకుంటెనే లైట్లు తే. ఓ పెండ్లి టీం అడగకుంట గొడుగులు, లైట్లు దింపితే గేటు కాడ్నే ఆపిన్రు, నేను సూశిన. ఇంకోటి, లోపల రంగుల అద్దాల కిటికీలు బయట ఎండ ఉంటేనే వెలుగుతయ్. పొద్దు గూకినంక పోయి చీకట్ల గోతిక్ తీస్త అంటే నీకు నల్ల అద్దాలే దొరుకుతయ్.

నీడలపిచ్చి:
అయ్యో ఇది నిజంగా ఆలోచించలేదు తమ్ముడూ. మరి కోఠిలో రెసిడెన్సీ బిల్డింగ్?

పాతగోడలు:
అది గోతిక్ కాదండీ, పల్లాడియన్, అంటే పాత రోమన్ గుళ్ల తరహా కట్టడం, ఆ పెద్ద స్తంభాలు చూస్తే తెలిసిపోతుంది. గోతిక్ అంటే మొనదేలిన కమాన్లు, కంటిని పైకి లాక్కెళ్లే నిలువు గీతలు. అయినా పోర్ట్రెయిట్‌కి బిల్డింగ్ మొత్తం ఎందుకు? పాత దొరల గడిలో సున్నం రాలిన గోడ, ఒక ఎత్తు కిటికీ, అంతే. ఓనర్‌ని అడిగి వెళ్లండి, పైకప్పు గట్టిగా ఉందో లేదో పగటిపూట చూసుకోండి. పాములు కూడా.

సూదీదారం:
బట్టలు నేను కుట్టా ఇలాంటి షూట్‌కి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నల్ల లేసు, శాటిన్ తెచ్చి పాత లెహంగా మీదే వేసి, మెడ దాకా కాలర్, చేతులు మణికట్టు దాటి పొడుగ్గా. నగలు ఆక్సిడైజ్డ్‌వి సరిపోతాయి, మన ముక్కుపుడక కూడా పెట్టి చూడండి, ఎంత బాగుంటుందో. నల్ల నెట్ కొవ్వొత్తికి దూరం!! నైలాన్ అది, అంటుకుంటే క్షణంలో కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మేం పక్కనే బకెట్ నీళ్లు పెట్టుకున్నాం. పొగకి మెషిన్ అద్దెకి తేలేదు, బొగ్గుల మీద సాంబ్రాణి వేశాం, కిటికీ వెలుగులో చారలు చారలుగా భలే వచ్చింది. కానీ తలుపు తెరిచి ఉంచండి, మా అమ్మాయికి దగ్గు ఆగలేదు.

లైట్‌బాయ్_వైజాగ్:
కొవ్వొత్తులు ఫ్రేమ్‌లో ఉంటే స్ట్రోబు బాగా తగ్గించు, లేకపోతే మంట వెలుగు చచ్చిపోతుంది. లెన్సు అపెర్చర్ 1.8 దగ్గర బాగా తెరిచి, ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సెట్టింగ్) 1600 నుంచి చూడు. స్ట్రోబుకి ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) వెయ్యకు, మొహం చల్లగా మంట వెచ్చగా ఉంటేనే ఆ మూడ్.

నీడలపిచ్చి:
ఈ థ్రెడ్ మోడల్‌కి పంపా, కాటుకకళ్లు గారి మెసేజ్ చదివి “ఇది నేనే చెప్దామనుకున్నా, మొహమాటపడ్డా” అంది, సిగ్గేసింది. డిసెంబర్‌కి జరిపాం, వాళ్లక్క తోడు వస్తోంది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాత ఇల్లుంది, దక్షిణం వైపు ఒకటే కిటికీ. పొద్దున పదింటికి వెళ్లి చూసొచ్చా, నేల మీద ఊచల నీడలు పడ్డాయి. చర్చి ప్రస్తుతానికి పక్కన పెట్టేశా.

మెదక్_పిల్లగాడు:
కెమెరా లేకుంట రా అన్నా ఓసారి, ఎండపూట, కిటికీలు సూస్తువు.