బొలెరో పికప్‌కు లోడుతో ఎంత మైలేజీ రావాలె?

ప్రశ్న: నర్సంపేట నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు. పోయేటప్పుడు ఫుల్ లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. మీటర్‌ల లీటరుకు 14 కిలోమీటర్లు చూపిస్తది, డీజిల్ ఖర్చు చూస్తే అంత వస్తలేదు. ఎంత వస్తే సరైనట్టు?

జవాబు 1: అన్నా, మీటర్‌ను నమ్మకు. పంపుల నాజిల్ మొదటిసారి దానంతటదే ఆగేదాకా నింపు, 300 కిలోమీటర్లు తిరిగినంక అదే పంపుల మళ్లీ అట్లనే నింపు. 25 లీటర్లు పడితే 12 వచ్చినట్టు. సగం లోడు, సగం ఖాళీ తిరుగుడుకు 12–13 మంచి లెక్కే. ఒక్క ట్యాంకుతో తేల్చకు, మూడు నింపుళ్ల సగటు తియ్యి.

జవాబు 2: మిర్చికి బరువు కన్నా ఎత్తుతోనే నష్టం. బస్తాలు క్యాబిన్ దాటి లేస్తే ఎదురుగాలి పట్టి ఆపుతది. పట్టా బిగించి కట్టుండ్రి, స్పీడు 55–60 దాటొద్దు.

జవాబు 3: 10 కన్నా తగ్గితే రిపేరే. జాక్ మీద లేపి చక్రం చేత్తో తిప్పు. బిగుసుకుంటే బ్రేకు పట్టేసినట్టు. నల్లపొగ వస్తే ముందుగాల ఎయిర్ ఫిల్టర్, తర్వాతనే ఇంజెక్టర్లు. ఎక్కుడుల ఇంజిన్ మోత పెరిగి స్పీడు పెరగకుంటే క్లచ్ జారుతున్నది. టైర్ల గాలి పొద్దుగాల, బండి తియ్యకముందే చూడాలె.