‘అడగనిదే…’ చివర ‘జి’నా, ‘షి’నా?

తాళపత్రం: రెండు రోజులుగా ప్రాచీన చైనా తాత్వికుడు వాంగ్ చోంగ్ వాక్యం ఒకటి వదలడం లేదు. “నేర్చుకుంటేనే తెలుస్తుంది, అడగనిదే…” తర్వాత చివరి అక్షరం దొరకదు. నోటికి ‘బు వెన్ బు జి’ అని వస్తోంది, చదివింది ‘షి’ అనిపిస్తోంది.

గోరింట: ‘షి’యే. ముందు ‘జి’ అన్నాడు కదా, తెలియడం. ‘షి’ గుర్తుపట్టడం.

నీలిసిరా: రెండూ ఒకే వ్యాసంలో ఉన్నాయండీ. పుట్టుకతోనే సర్వం తెలిసిన మహాత్ములుంటారన్న నమ్మకాన్ని ఖండించిన చోట. “ఎంత సమర్థుడైనా నేర్వనిదే రాణించడు, అడగనిదే ఎరుగడు” అన్నప్పుడు ‘జి’. మీరు తలచుకున్న వాక్యంలో ‘షి’. ఆ ‘షి’ లిపినే ఇంకో ఉచ్చారణతో చదివితే జ్ఞాపకం ఉంచుకోవడం, గురుతు వేయడం. అచ్చం మన ‘గుర్తు’! పట్టినా గుర్తే, పెట్టుకున్నా గుర్తే.

గోరింట: జ్ఞాపకమన్న అర్థం అక్కడ పొసగదు. రాజధాని లువోయాంగ్ అంగడిలో పుస్తకాల కొట్ల దగ్గర చదివి, ఒక్క చూపుతో కంఠస్థం చేసేవాడని మలి హాన్ చరిత్ర చెబుతుంది. జ్ఞాపకానికి కొదవలేని మనిషి అడగడం మీద ఎందుకంత పట్టుపట్టాడు? అసలు బరువు ‘వెన్’ మీద, అంటే అడగడం మీద ఉంది. కన్ఫ్యూషియస్ మీద రాసిన వ్యాసం పేరులోనూ అదే ‘వెన్’. గురువు మాటలో తప్పే ఉండదనుకునే విద్యార్థులను మొదటి వాక్యంలోనే పట్టుకున్నాడు. అందుకే నేను దాన్ని ‘అడగడం’ అనను, ‘నిలదీయడం’ అంటాను.

మగ్గం: అన్నీ అడిగే నేర్చుకుంటామా? చైనాలోని శియాంగ్‌యీ అనే ఊళ్లో చురుకులేని ఆడవాళ్లకూ బుటాల పట్టు నేత వస్తుందని ఆయనే రాశాడు. రోజూ చూస్తారు, రోజూ చేస్తారు, చేతికి మచ్చిక. ఆ ‘మచ్చిక’ నాకు ప్రాణం. మా అమ్మ తెగిన పోగును చూడకుండానే ముడి వేసేది, వేళ్లే వెతుక్కునేవి.

నీలిసిరా: మగ్గం గారూ, ఆ మాట నేతను మెచ్చుకోవడానికి కాదు. గుమాస్తాల చాతుర్యం అలవాటు వల్ల వచ్చిందే, పండితుడు దిగితే అతనికీ వస్తుందని వాదించడానికి.

మగ్గం: కావచ్చు. అయినా మన వేమన్న పద్యం పక్కన పెట్టి చూడండి, “తినగ తినగ వేము తియ్యనుండు.”

గోరింట: ‘తియ్యగుండు’ కదండీ?

మగ్గం: మా తాతగారి నోట ‘తియ్యనుండు’. గణాలు రెండింటికీ సరిపోతాయి.

తాళపత్రం: అయితే వాంగ్ చోంగ్‌ను తెలుగు చేసేటప్పుడు ‘ఎరుగడు’ అనాలా, ‘గుర్తెరుగడు’ అనాలా?

గోరింట: ముందు ‘తియ్యగుండు’ సంగతి తేలనివ్వండి.