వెలగపండు జామ్ చేసి అమ్మితే ఎవరైనా కొంటారంటారా?

రాజోలు అమ్మాయి:
మా పుట్టింటి దొడ్లో రెండు పెద్ద వెలగచెట్లున్నాయండి. వినాయక చవితికి పాలవెల్లికి కట్టుకోడానికి వీధిలో వాళ్ళొచ్చి తలో రెండు కాయలు కోసుకెళ్తారు, ఆ తర్వాత ఇంక వాటి మొహం చూసేవాళ్ళే ఉండరు, రాలినవన్నీ నాన్నగారు బుట్టలకెత్తి కొబ్బరితోటలో పారబోస్తున్నారు. మొన్న నెట్‌లో చూస్తే ఉడ్ యాపిల్ సూపర్‌ఫుడ్ అని, షుగర్ తగ్గిస్తుందని తెగ రాసేశారు. శ్రీలంకలో అయితే దివుల్ అని జ్యూసు, జామ్ కూడా అమ్ముతారంట. నేను పచ్చళ్ళు పెట్టి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటాను, దీంతో జామ్ చేసి 'షుగర్ వాళ్ళకి మంచిది' అని స్టిక్కర్ వేద్దామని ఆలోచన. ఎవరైనా చేసి చూశారా?

లంక మాస్టారు:
అమ్మా, ముందు మీరు చదివింది ఏ పండు గురించో చూసుకోండి. ఇంగ్లీషులో ఉడ్ యాపిల్ అని వెలగనీ అంటారు, మారేడునీ అంటారు, నెట్‌లో సగం వ్యాసాల్లో బొమ్మ వెలగది, రాసింది మారేడు గురించి. రెండూ నిమ్మ కుటుంబమే కానీ వేరే చెట్లు. మారేడుకి మూడాకులు, కాయ నున్నగా ఉంటుంది, లోపల పసుప్పచ్చటి జిగురు. వెలగ కాయ బూడిద రంగులో గరుగ్గా ఉంటుంది, పండితే లోపల చింతపండులా గోధుమరంగు.

ఆయుర్వేదంలో వెలగ పచ్చికాయని విరేచనాలు కట్టడానికి, పండుని దప్పికకీ ఎక్కిళ్ళకీ చెప్పారు. షుగర్ తగ్గుతుందన్న ప్రయోగాలు ఎక్కువగా ఎలుకల మీద, అదీ కాయ నుంచి తీసిన సారంతో చేసినవి. పండులో పీచు, పెక్టిన్ బాగా ఉన్నాయి, అంతవరకు ధైర్యంగా చెప్పుకోవచ్చు.

పాలకొల్లు కోడలు:
నేను రెండేళ్ళుగా ఇంటివరకు చేస్తున్నానండి. చవితికి వచ్చేవి పచ్చివి, వగరు, వాటితో పచ్చడి చేసుకోవాలంతే. జామ్‌కి బాగా ముదిరినవి కావాలి. మా అత్తగారు కాయని అడుగు ఎత్తు నుంచి గచ్చు మీదకి వదిలేస్తారు, బంతిలా ఎగిరితే ఇంకా పచ్చిది, దబ్బున పడి ఉండిపోతే ముదిరినట్టు. అప్పుడు రెండు వారాలు ఎండలో పెడితే ఇల్లంతా వాసనొస్తుంది (మా ఆయన ముక్కు మూసుకుంటారు, అది వేరే కథ). రోకలితో పగలగొట్టి గుజ్జు గీకి, గోరువెచ్చటి నీళ్ళలో నానేసి చేత్తో పిసికి జల్లెడ పట్టాలి, గింజలూ పీచూ అలా పోతాయి. బెల్లం వేసి ఉడికిస్తే పెక్టిన్ వల్ల దానంతటదే గట్టిపడుతుంది, ఇంకొంచెం పల్చగా ఉందే అనుకున్నప్పుడే దింపెయ్యాలి. మొదటిసారి ఇనప మూకుట్లో చేశాను, వగరుకి ఇనుము తగిలి సిరాలా నల్లగా అయిపోయింది, మొత్తం పారబోశాను. స్టీలు గిన్నె వాడండి.

సంతలో కొంటే మాత్రం చేత్తో పట్టుకుని బరువు చూసి కొనండి. పోయినేడు డజను తెస్తే నాలుగు కరి మింగిన వెలగపండ్లే, పైకి లక్షణంగా ఉన్నాయి, లోపల పొడి.

గోదారి గట్టు:
షుగర్ వాళ్ళకి బెల్లం జామా, బావుందండి 😄 సరదాకన్నాను గానీ ఆ స్టిక్కర్ మాత్రం వెయ్యకండి. తినే వస్తువు మీద జబ్బు తగ్గిస్తుందని రాయకూడదని ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 రూల్స్‌లో ఉంది, షుగర్ తగ్గిస్తుందని మందు ప్రకటన ఇవ్వకుండా 1954 చట్టం ఒకటుంది. ఇంట్లో చేసి అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాలి. 'మా దొడ్లో వెలగపండు, బెల్లం' అని రాస్తే చాలదా, చిన్నప్పుడు తిన్నవాళ్ళు ఆ మాటకే కొంటారు.

కొత్తపేట:
నాకు మొక్క కావాలి, గింజ వేస్తే ఎన్నాళ్ళకి కాస్తుంది?

లంక మాస్టారు:
పదిహేనేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. కడియం నర్సరీలకి వెళ్ళినప్పుడు అంటు మొక్క ఉందేమో అడగండి.

రాజోలు అమ్మాయి:
అందరికీ థాంక్సండి, స్టిక్కర్ ఐడియా మానేశాను. పొద్దున్న నాన్నగారూ నేనూ ఆరు కాయలు గచ్చు మీద వేసి చూశాం, నాలుగు ఎగిరాయి, రెండు ఎండలో పెట్టాం. అమ్మ అప్పుడే వాసనంటోంది.