పాత టూ-వే స్పీకర్ బాక్సులకి ఇంట్లోనే ఏం మార్చుకోవచ్చు?

బ్రాడీపేట శ్రోత:
నమస్కారమండీ. మాది గుంటూరు. నాన్నగారు 90ల్లో చేయించుకున్న స్పీకర్ బాక్సుల జత ఒకటి ఉంది. 8 అంగుళాల ఊఫర్ (కింది స్వరాలకి), చిన్న డోమ్ ట్వీటర్ (పై స్వరాలకి), 8 ఓమ్స్, ముందు వైపు గాలి ఆడే పోర్టు గొట్టం. పెట్టె పార్టికల్ బోర్డుది. ఊఫర్ చుట్టూ ఉన్న రబ్బరు అంచు బాగానే ఉంది. బాలమురళి గారి కచేరీ పెడితే మృదంగం తొప్పి (ఎడమ వైపు) దెబ్బ టక్కున ఆగకుండా బుయ్యిమని సాగుతోంది. వయొలిన్ ఏమో దుప్పటి కప్పుకుని వాయించినట్టుంది. కొత్తవి కొంటానంటే నాన్నగారు ఒప్పుకోరు. రెండు మూడు వేలల్లో ఏమైనా చేయొచ్చా? బంగారు పూత టెర్మినళ్ళు, ఖరీదైన కేబుల్ వేయించమని ఒక షాపతను అంటున్నాడు. నాకు సోల్డరింగ్ వచ్చు, చెక్కపని రాదు.

ఆటోనగర్ కుర్రాడు:
కారు డోర్ల లోపల అదురు తగ్గడానికి అతికించే డ్యాంపింగ్ షీట్ తెచ్చి పెట్టె లోపల అంటించు బ్రో. సీటు కవర్లు కుట్టే షాపుల్లో అడుగు.

సోల్డర్‌పొగ, విజయవాడ:
బాబూ, ముందు ఆ బంగారు పూత సంగతి మర్చిపో. మూడు మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు హౌస్ వైరింగ్ రాగి తీగ వేస్తే, రానూ పోనూ కలిపి రెసిస్టెన్స్ 0.07 ఓమ్ ఉంటుంది. 8 ఓమ్స్ స్పీకర్ ముందు అదెంత? గవర్నర్‌పేటలో రిపేరు బల్ల ముందు చాలా ఏళ్ళు కూర్చున్నాను. మైకు సెట్ల వాళ్ళు తెచ్చే బాక్సుల్లో లూజు కనెక్షన్లు, చిలుము బోలెడు చూశాను గానీ, చవక వైరు వల్ల పాడైన సౌండు చూడలేదు. ఉన్న టెర్మినళ్ళనే ఉప్పు కాగితంతో రుద్ది గట్టిగా బిగించు, చాలు.

నీ వయొలిన్ బాధ చాలావరకు కెపాసిటర్‌దే అయ్యుంటుంది. ఊఫర్ విప్పి లోపలికి చూడు. ట్వీటర్‌కి వెళ్ళే వైరు మధ్యలో చిన్న డబ్బాలాంటిది ఉంటుంది, అది నాన్-పోలార్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, కింది స్వరాలు ట్వీటర్‌కి పోకుండా ఆపేది. దాని లోపలి ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతుంది. మన బెజవాడ, గుంటూరు ఎండలకి ఇంకా తొందరగా. దాంతో లోపలి రెసిస్టెన్స్ పెరిగి ట్వీటర్‌కి అందాల్సింది అందదు. అదే విలువ ఉన్న పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్, 100 వోల్టులు లేదా అంతకంటే ఎక్కువది తీసుకో. విలువ మాత్రం మార్చకు. 8 ఓమ్స్ ట్వీటర్‌కి 4.7 మైక్రోఫారడ్ వేస్తే దాదాపు 4200 హెర్ట్జ్ దగ్గర పై స్వరాల్ని విడదీసి ట్వీటర్‌కి పంపుతుంది. 3.3 వేశావంటే అది 6000కి పోయి, ఊఫర్‌కీ ట్వీటర్‌కీ మధ్య స్వరాల్లో గొయ్యి పడుతుంది. పెద్దది వేస్తే కింది స్వరాలు కూడా దూరి ట్వీటర్ కాలే ప్రమాదం. ఫిల్మ్‌ది సైజులో బాగా పెద్దగా ఉంటుంది, గాల్లో వేలాడదీయకుండా కేబుల్ టై వేసి కట్టు. లేకపోతే అదే గిలక్కాయవుతుంది.

విప్పే ముందు వైర్ల రంగులు ఫోన్లో ఫోటో తీసుకో. ఊఫర్ ప్లస్ ఎటో తేలకపోతే 1.5 వోల్టుల పెన్ బ్యాటరీ ఒక్క క్షణం తాకించు. కోన్ బయటికి వస్తే బ్యాటరీ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. ట్వీటర్ మీద మాత్రం ఈ ప్రయోగం చేయకు.

ఇక పెట్టె. వెనక పలకని వేలి కణుపుతో కొట్టు. డబడబమంటే డ్యాంపింగ్ షీట్ పనికొస్తుంది, ఆ కుర్రాడు చెప్పింది తప్పేం కాదు. కానీ దానికంటే ముందు రెండు పక్క పలకల మధ్య అడ్డంగా ఒక కర్ర బిగించాలి. కొలత ఇస్తే సామిల్లులో కోసిస్తారు. ఫెవికాల్ పూసి ఇరికించడమే, దానికి వడ్రంగి అక్కర్లేదు. ఊఫర్ అంచు కింద కిటికీలకి అంటించే ఫోమ్ టేపు వెయ్యి. టెర్మినల్ ప్లేటు చుట్టూ గాలి పోతుంటే ఎం-సీల్. పెట్టె లోపలి గోడలకి దిండ్లలో నింపే రెక్రాన్ దూది అంగుళం మందాన పరుచు. గొట్టం నోటికి మాత్రం అడ్డం రాకూడదు. గొట్టాన్ని పొట్టి చేయమని ఎవరైనా అంటే వినకు, గొట్టం మోగే స్వరం పైకి పోయి బుయ్యి ఇంకా పెరుగుతుంది.

ఇవన్నీ ఒక్క బాక్సుకే చేసి, ఆంప్లిఫయర్ మోనోలో (రెండు బాక్సుల్లోనూ ఒకే సౌండు వచ్చేలా) పెట్టి, బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పుతూ రెండోదానితో పోల్చి విను. అప్పుడు నీ డబ్బు దేనికి పోయిందో నీకే తెలుస్తుంది. రెండూ ఒకేసారి విప్పేసినవాళ్ళు బాగుపడిందని తమకి తాము చెప్పుకుంటారు, అంతే!

పటమట వీణ:
బాబాయ్ గారు గది గురించి అడగలేదేం? బాక్సులు మూల గోడకి ఆనించి ఉంటే బుయ్యి అక్కడిదే కావచ్చు. ముందు గోడ నుంచి రెండడుగులు ఇవతలికి జరిపి, పోర్టులో ఒక సాక్సు కుక్కి వినండి. పైసా ఖర్చు లేదు. టైల్స్ నేల అయితే ఎదురుగా తివాచీ పరవండి.

సోల్డర్‌పొగ, విజయవాడ:
నిజమేనమ్మా, అదే మొదటి పని. సోల్డర్ పొగ అలవాటైన ముక్కుకి గది గుర్తురాదు.

బ్రాడీపేట శ్రోత:
చాలా థ్యాంక్సండీ. మూలలోనే ఉండేవి, జరిపాక బుయ్యి సగం పోయింది. ఎడమ బాక్సుకి కర్ర, ఫోమ్ టేపు, ఫిల్మ్ కెపాసిటర్ అయ్యాయి. తొప్పి దెబ్బ ఇప్పుడు టక్కున ఆగుతోంది. వయొలిన్ తేటగా ఉంది గానీ, ‘స’కారాలు కొంచెం గుచ్చుతున్నాయి. నాన్నగారు మాత్రం ముట్టుకోని కుడి బాక్సే బాగుందంటున్నారు!

సోల్డర్‌పొగ, విజయవాడ:
నాన్నగారి చెవిని కొట్టిపారేయకు. పాత కెపాసిటర్‌లో పెరిగిన రెసిస్టెన్స్ ఇన్నాళ్ళూ ట్వీటర్‌ని తగ్గించి ఉంచింది, ఆయనకి ఆ సౌండే అలవాటు. ఫిల్మ్‌తో వరసలో 1 ఓమ్, 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి వెయ్యి, దాదాపు 1 డెసిబెల్ తగ్గుతుంది. ఆయన్నే కూర్చోబెట్టి వినిపించు. ఇంకా గుచ్చుతోందంటే 1.5 ఓమ్. ఆయన సరేనన్నాకే కుడిది విప్పు. రెసిస్టర్ వేడెక్కుతుంది, రెక్రాన్‌కి తగలనివ్వకు.