ఉద్యోగులు సొంత కార్డుతో మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సులు కొనేస్తున్నారు, ఆపడం ఎలా?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి డల్లాస్‌లోని ఒక కంపెనీకి మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ పని చూస్తున్నానండి. అక్కడి ఫైనాన్స్ టీంలో ఒకరు ఎవరినీ అడక్కుండా సొంత కార్డుతో పవర్ బీఐ ప్రో (డేటాతో రిపోర్టులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ టూల్) కొని, పక్కవాళ్లకూ లైసెన్సులు ఇచ్చేశారు. మేనేజర్ నన్ను నిలదీస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. వెంటనే రద్దు చేసేయమంటారా?

జవాబు: వద్దండి. వాళ్ల నెలాఖరు రిపోర్టులు ఆగిపోతే ఆ గొడవ కూడా మీ మీదకే వస్తుంది. ముందు అడ్మిన్ సెంటర్‌లో బిల్లింగ్ కింద ‘యువర్ ప్రొడక్ట్స్’ తెరిచి, సెల్ఫ్ సర్వీస్ కొనుగోళ్లను (అంటే ఉద్యోగులు అడ్మిన్‌తో పని లేకుండా సొంతంగా కొన్నవి) ఫిల్టర్ చేసి చూడండి. ఎవరు కొన్నారో, ఏం కొన్నారో తెలుస్తుంది. కంపెనీ పేరున అవే లైసెన్సులు తీసుకుని వాళ్లందరికీ ఇచ్చాక పాతవి రద్దు చేయించండి. డేటా ఎలాగూ కంపెనీ టెనెంట్‌లోనే (మైక్రోసాఫ్ట్ 365లో కంపెనీకి ఉండే సొంత స్థలంలోనే) ఉంటుంది, ఆ భయం అక్కర్లేదు.

ఇకముందు కొనకుండా ఉండాలంటే సెట్టింగ్స్, ఆర్గ్ సెట్టింగ్స్, ‘సెల్ఫ్ సర్వీస్ ట్రయల్స్ అండ్ పర్చేజెస్’లోకి వెళ్లండి. అన్నిటికీ కలిపి ఒకే స్విచ్ ఉండదు, ఏ ప్రొడక్ట్‌కు ఆ ప్రొడక్టే ఆపాలి. జాబితా పెద్దదే కాబట్టి పవర్‌షెల్‌లో (కమాండ్లతో పని చేయించే మైక్రోసాఫ్ట్ టూల్) ఎంఎస్‌కామర్స్ మాడ్యూల్‌తో, అన్ని ప్రొడక్టులనూ వరుసగా ఆపేసే చిన్న స్క్రిప్ట్ నడపడం మేలు. 2020లో ఈ సెల్ఫ్ సర్వీస్ కొనుగోలు పవర్ బీఐ, పవర్ యాప్స్, పవర్ ఆటోమేట్‌లతో మొదలైంది, ఆ తర్వాత చాలా చేరాయి. కొత్తగా చేరే ప్రొడక్ట్ మామూలుగా ఆన్‌లోనే వస్తుంది. అందుకే ఆ స్క్రిప్ట్‌ను నెలకోసారైనా మళ్లీ నడపండి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండి. అన్నీ ఆపేస్తే ట్రయల్ కూడా చూడలేకపోతున్నామని వాళ్లు అంటారేమో?

జవాబు: దానికీ దారి ఉంది. ప్రతి ప్రొడక్ట్‌కూ అనుమతించడం, ఆపడం కాకుండా, కార్డు వివరాలు అడగని ట్రయల్స్‌ను మాత్రమే అనుమతించే మూడో ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి. లైసెన్స్ కావాలని అడిగే దారి మాత్రం తప్పకుండా తెరిచి ఉంచండి. రిక్వెస్టులు అడ్మిన్ సెంటర్‌కే వస్తాయి, కావాలంటే మీ టికెట్ సిస్టమ్ లింకు ఇవ్వొచ్చు. కొన్నవాళ్ల మీద కోపం పెట్టుకోకండి, వాళ్లకు పని ఆగింది కాబట్టే సొంత డబ్బు పెట్టారు. రిక్వెస్టుకు రెండు రోజుల్లో జవాబు రాకపోతే మళ్లీ అదే చేస్తారు, ఈసారి మీకు కనిపించని పర్సనల్ అకౌంట్‌లో.

ఇంకొకరు: ఈ సెట్టింగ్ మార్చాలంటే గ్లోబల్ అడ్మిన్ (అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్) కానక్కర్లేదు, బిల్లింగ్ అడ్మిన్ రోల్ చాలు. డల్లాస్ కంపెనీని ఆ రోల్ ఇవ్వమని అడగండి.