అప్‌డేట్: గోధుమ మానేసినా ఉబ్బరం తగ్గలేదని అడిగాను కదా, లోపం ఇంగువలో ఉంది

చపాతీ, ఉప్మా రవ్వ, సేమియా మానేసి మూడు వారాలైనా ఉబ్బరం ఎందుకు పోలేదన్నది నా ప్రశ్న. మీరు చెప్పినట్టే డబ్బాలన్నీ తిరగేసి చూశాను. ఇంగువ పొడిలో గోధుమపిండి కలిపి ఉంది! చారులో, పప్పులో రోజూ పడేది అదే. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, పదార్థాల జాబితా చదివి కొనాలి. సోయాసాస్‌లో గోధుమ, మాల్ట్ పానీయాల్లో బార్లీ ఉంటాయి. ఇడ్లీ రవ్వ బియ్యానిదే కాబట్టి భయం లేదు.

రెండోది పిండిమర. గోధుమలు పట్టిన మరలోనే జొన్నలు పట్టిస్తే గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే జిగురు ప్రోటీన్) కలుస్తుంది. ఇంట్లో మిక్సీ పట్టి జల్లించడం మేలు. ప్యాకెట్ కొంటే ‘గ్లూటెన్ రహితం’ అని ఉందో లేదో చూడండి; మన దేశంలో ఆ మాట రాయాలంటే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు.

ఇక చపాతీ బదులు చేసుకునే జొన్నరొట్టె విరగడానికి కారణం నీళ్ల వేడి చాలకపోవడం. జొన్నలో గ్లూటెన్ లేదు, ఉడికిన పిండిపదార్థమే జిగురు. కప్పు పిండికి ముప్పావు నుంచి కప్పు మరిగే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టే వేడిలో అయిదు నిమిషాలు మర్దించాలి. పాత పిండైతే ఎంత మర్దించినా అంచులు పగులుతాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: సీలియాక్ (గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) అనుమానం ఉంటే, దాన్ని పట్టే టీటీజీ రక్తపరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి. మానేశాక చేయిస్తే జబ్బున్నా ఫలితం మామూలుగా రావచ్చు.