పంపు స్క్రీన్‌లో 2.5 బదులు 25 పడుతోంది, కన్ఫర్మ్ బాక్స్ పెట్టినా ఆగట్లేదు

స్క్రీన్‌పని: పొద్దుటి నుంచి దీని మీదే కూర్చున్నాను, ఇక బుర్ర పనిచేయట్లేదు. ఇన్‌ఫ్యూజన్ పంపులో (మందుని నరంలోకి మెల్లగా ఎక్కించే యంత్రం) రేటు ఎంటర్ చేసే స్క్రీన్ మాది. నర్సులతో వాలిడేషన్ టెస్ట్ పెట్టాం. గంటకు 2.5 మి.లీ. పెట్టమంటే కొందరి దగ్గర 25 పడుతోంది, అలాగే స్టార్ట్ నొక్కేస్తున్నారు. స్టార్ట్‌కి ముందు "రేటు 25, సరేనా?" అని ఎర్ర బాక్స్ బీప్‌తో వస్తుంది. చదవకుండానే సరే నొక్కుతున్నారు. అక్షరాలు పెద్దవి చేశాం, రెండోసారి కూడా అడిగేలా పెట్టాం, ఏమీ మారలేదు. మా మేనేజర్ ట్రైనింగ్ పెంచుదాం అంటున్నారు. బాక్స్ ఎలా ఉంటే చదువుతారు? చెప్పండి ప్లీజ్.

చిన్నమాట: కీప్యాడ్ బటన్లా, టచ్చా? గ్లోవ్స్ వేసుకున్నారా?

రిస్క్‌ఫైల్: ముందు ఒక విషయం. మీరు చేసింది వాలిడేషన్ కాదండీ. టెస్ట్ చేస్తూ డిజైన్ మారుస్తున్నారంటే అది ఫార్మేటివ్. వాలిడేషన్ అంటే సమ్మేటివ్, తుది డిజైన్ మీద చేసేది. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 గైడెన్స్ దానికి ఒక్కో యూజర్ గ్రూపు నుంచి కనీసం 15 మందిని తీసుకోమంటుంది. మధ్యలో స్క్రీన్ మార్చి, రిపోర్టులో వాలిడేషన్ అని రాస్తే తర్వాత చాలా ఇబ్బంది పడతారు. ఇక ట్రైనింగ్ సంగతి. వైద్య పరికరాల రిస్క్ స్టాండర్డ్ ఐఎస్‌ఓ 14971లో వరస స్పష్టంగా ఉంది: ముందు డిజైన్‌లోనే ప్రమాదం లేకుండా చూడాలి, కుదరకపోతే రక్షణ ఏర్పాట్లు, హెచ్చరికలూ ట్రైనింగూ ఆఖరున. మీ మేనేజర్ ఆఖరి మెట్టు నుంచి మొదలుపెడుతున్నారు.

బీప్‌తగ్గించండి: అసలు ఆ ఎరుపు ఎందుకు? వైద్య పరికరాల అలారాల స్టాండర్డ్ ఐఈసీ 60601-1-8 ప్రకారం వెలిగి ఆరుతూ ఉండే ఎరుపు హై ప్రయారిటీ అలారానిది, పసుపు మీడియంది. మామూలు ప్రశ్నకి ఎరుపూ బీపూ వాడితే, నిజంగా మందు గొట్టంలో గాలి వచ్చిన రోజు ఆ ఎరుపుని ఎవరు పట్టించుకుంటారు? వార్డులో ఇప్పటికే వెంటిలేటర్, మానిటర్, పంపులు అన్నీ ఒకేసారి మోగుతుంటాయి. ప్రతి కంపెనీ ఇంకో చప్పుడు చేర్చి, నర్సులు వినట్లేదంటుంది. ముందు ఆ బీప్ తీసేయండి.

రిస్క్‌ఫైల్: అది అలారం కాదు, కన్ఫర్మేషన్ ప్రాంప్ట్.

బీప్‌తగ్గించండి: అలారం కాదు కాబట్టే అలారంలా కనిపించకూడదు అంటున్నాను.

పాతవార్డు: బాబూ, నేను చాలా ఏళ్లు ఐసీయూలో చేశాను. పంపు ప్రతిదానికీ సరేనా అని అడుగుతుంది. మందు మార్చితే అడుగుతుంది, సిరంజి పెడితే అడుగుతుంది. కళ్లు పేషెంట్ మీద ఉంటాయి, వేలు దానంతటదే సరే నొక్కేస్తుంది. ఇంకో బాక్స్ పెడితే ఇంకోసారి నొక్కుతాం, అంతే. అదే అంకెని మళ్లీ చూపించే బదులు "ఈ 50 మి.లీ. 2 గంటల్లో అయిపోతుంది" అని చూపించు. 2.5 అయితే 20 గంటలు రావాలి కదా. రెండే గంటలని కనబడితే నర్సు టక్కున ఆగుతుంది. మేం షిఫ్టులో సిరంజి ఎప్పుడు మార్చాలో చూసుకునేది గంటల్లోనే.

చిన్నమాట: పాతవార్డు గారు చెప్పింది పెట్టండి. కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు.

స్క్రీన్‌పని: టచ్ అండీ, గ్లోవ్స్‌తోనే చేశారు. చెప్పలేదా? చుక్క కీ కింద ఎడమవైపు, సున్నా పక్కన. డబుల్ టచ్ పడకూడదని ఒక టచ్ తర్వాత 300 మిల్లీసెకన్ల లోపు వచ్చేదాన్ని వదిలేస్తాం, అది మామూలుగా ఉండేదే కదా. సమస్య బాక్స్‌ది.

చిన్నమాట: వదిలేసేది అదే కీ రెండోసారి పడితేనా, ఏ కీ అయినానా?

స్క్రీన్‌పని: ఏ కీ అయినా.

చిన్నమాట: టెస్ట్‌లో "2." దగ్గర ఆగిపోయినవి ఉన్నాయా?

స్క్రీన్‌పని: ఉన్నాయి. సగంలో ఆపేశారనుకుని వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

చిన్నమాట: వాళ్లు చుక్క నొక్కారు. మీ సాఫ్ట్‌వేర్ మింగేసింది. త్వరగా కొడితే కొన్నిసార్లు చుక్క పోతుంది, కొన్నిసార్లు 5 పోతుంది. టచ్ లాగ్ (ఏ టచ్ ఎప్పుడు పడిందో ఉండే రికార్డు) తీయండి.

పాతవార్డు: చూశావా, మరి తప్పు మా మీద వేశారు.

రిస్క్‌ఫైల్: దీనికి తోడు, కీప్యాడ్ మీద కొట్టేవాళ్ల చూపు వేళ్ల మీదే ఉంటుంది, డిస్‌ప్లే మీద తక్కువ. 2011లో ఒలాదిమెజి, థింబుల్‌బీ, కాక్స్ కళ్ల కదలికలు గమనించి చేసిన అధ్యయనంలో, పైకీ కిందకీ బాణాలతో అంకె మార్చేవాళ్లు డిస్‌ప్లేని ఎక్కువగా చూశారు, తప్పుల్ని బాగా పట్టుకున్నారు. కీప్యాడే కావాలంటే అంకెని కీల పైనే, వేలికి దగ్గరగా చూపించండి. చుక్క తర్వాతి అంకె చిన్న సైజులో ఉండాలి. 5.0 అని ఎక్కడా చూపించకండి, 50లా కనబడుతుంది. .5 కూడా వద్దు, 0.5 అనే ఉండాలి.

బీప్‌తగ్గించండి: కీ పడినప్పుడు మాత్రం చిన్న క్లిక్ ఉండాలి. పడకపోతే నిశ్శబ్దం. ఆ చప్పుడుకి నేనూ ఒప్పుకుంటాను.

రిస్క్‌ఫైల్: వార్డు గోలలో క్లిక్ వినిపించదు. మీరే అన్నారు కదా.

బీప్‌తగ్గించండి: అందుకే గోల తగ్గించమంటున్నాను.

స్క్రీన్‌పని: లాగ్ చూశాను. చుక్క టచ్‌లు ఉన్నాయి, ఆ 300 మిల్లీసెకన్ల ఫిల్టర్‌లోనే పోయాయి. అదే కీకి మాత్రమే పనిచేసేలా మారుస్తున్నాం. థ్యాంక్స్ అందరికీ.

పాతవార్డు: ఆ గంటలు చూపించేది మర్చిపోకు బాబూ. ఫిల్టర్ బాగుచేసినా వేలు తప్పుతుంది.

రిస్క్‌ఫైల్: ఆ ఫిల్టర్ మీ రిస్క్ అనాలిసిస్‌లో ఎక్కడైనా ఉందా? లేకపోతే అలాంటివి ఇంకేమున్నాయో కూడా చూడాలి.